వాల్వులు వేడెక్కాలి

ఎలీహియో ఇస్నాగా మా పెరట్లో ఆరు రోజుల పాటు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఆయన కారులో దొంగపని చేస్తున్నాను, ఆయన దాన్ని చూడకూడదు. చూశాడంటే మా ఊరు సియెన్‌ఫ్వేగోస్ పాతకార్ల సంఘం అధ్యక్షుడి హోదాలో తన మీద తానే ఫిర్యాదు రాసుకోవాల్సి వస్తుంది. రాస్తాడు కూడా. ఆయన సంగతి నాకు తెలుసు.

నా పేరు నెరెయిడా. రేడియోలు, ఫ్యాన్లు, రైస్ కుక్కర్లు బాగుచేస్తాను. మా ఊళ్ళో కొత్త వస్తువు దొరకడం కంటే పాతదానికి ప్రాణం పోయడం తేలిక కాబట్టి నాకు చేతినిండా పని. నా పనికి వంక పెట్టినవాళ్ళతో మాట్లాడటం మానేశాను, అందుకని ఇప్పుడు వాళ్ళేమంటున్నారో నాకు తెలియదు.

ఎలీహియోది 1953 షెవ్రోలె. ఆకుపచ్చది, టాపు వెనక్కి మడిచేది. మా దగ్గర పాత కార్లకు కొదవ లేదు. పైకి అన్నీ పెళ్ళికూతుళ్ళే. బానెట్ ఎత్తితే మాత్రం ఒకదాంట్లో రష్యా లాడా కారు ఇంజను, ఇంకోదాంట్లో నీళ్ళ పంపు మోటారు ముక్కలు. ఎలీహియో బండిలో నట్టు నట్టూ పుట్టినప్పటిదే. అందుకే ఇరవై రెండేళ్ళ కిందట సంఘం వాళ్ళు దానికొక కంచు పలక ఇచ్చారు. 'అంతా అసలు, అంతా పనిచేస్తుంది' అని దాని మీద చెక్కి ఉంటుంది. అలాంటిది ఊరికంతా ఒక్కటే. ఆయన దాన్ని డ్యాష్‌బోర్డుకు బిగించుకుని రోజూ పొద్దున్నే ముఖం కడుక్కోకముందే దాన్ని తుడుస్తాడు. భార్య పోయాక ఆయనకు ఆ పలకా, మనవరాలు దయామీ తప్ప వేరే లోకం లేదు.

ఆ దయామికి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. ఆడపిల్లకు పదిహేను నిండితే మా వాళ్ళు పెళ్ళికన్నా ఎక్కువ హడావిడి చేస్తారు. పిల్లకు నేలమీద జీరాడే గౌను తొడిగి, టాపు మడిచిన కారులో వెనక ఎత్తుమీద కూర్చోబెట్టి, ప్రాదో వీధి పొడవునా హారన్లు మోగిస్తూ తిప్పుతారు. తన షెవ్రోలెలోనే తిప్పాలని ఎలీహియో ఆ పిల్ల పుట్టిన రోజునే అనుకున్నాడు. తీరా దయామిని అడిగితే ఆ పిల్ల నీళ్ళు నమలకుండా చెప్పేసింది.

"నీ కారులో పాట రాదు తాతా. శవాన్ని తీసుకెళ్తున్నట్టుంటుంది. నేను రిగో తాత కారెక్కుతా."

రిగోబెర్తో సర్రియా సంఘం కార్యదర్శి. ఎలీహియోతో కలిసి బడికెళ్ళినవాడే. అతని గులాబీరంగు బండి డిక్కీలో శవపేటికలంత స్పీకర్లు రెండున్నాయి. అది వీధి చివరికి వచ్చిందంటే మా ఇంట్లో గ్లాసులు కదులుతాయి. ఏటా జరిగే తనిఖీలో ఎలీహియో అతనికి సున్నా వేస్తాడు. కారణం దగ్గర 'స్పీకర్లు, ఇంజను, చక్రాలు, రంగు, యజమాని పద్ధతి' అని రాస్తాడు.

మనవరాలి మాట విన్న మర్నాడే ఎలీహియో నా గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది.

"అమ్మాయ్, ఒక మాట. నేను అడగలేదు, నువ్వు వినలేదు."

"వినలేదు. చెప్పండి పెద్దాయనా."

"పిల్ల ఫోన్లో పాటలు నా బండిలోంచి రావాలి. బండిలో కొత్త వస్తువేదీ కనబడకూడదు. కొత్తగా ఒక్క రంధ్రం పడకూడదు. ఎక్కడ పెట్టావో నాకు చెప్పకూడదు."

"అంటే పాపం నాదీ, పాట మీదీ."

"నేను అధ్యక్షుణ్ణి కదే తల్లీ," అన్నాడు, ఏదో రోగం పేరు చెప్పినట్టు. "కొత్త భాగం పెడితే పలక వెనక్కి లాక్కోవాలని రూలు. ఆరో రూలు."

"ఎవడు రాశాడు ఆ రూలు?"

"నేనే."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనబోయి ఊరుకున్నాను. మనవరాలి కోసం వచ్చిన మనిషికి సామెతలు చెప్పడం అన్యాయం.

బండి పెరట్లోకి తోయించి డ్యాష్‌బోర్డు కింద దూరాను. ముందు రేడియో విప్పాను. అయిదు గాజు వాల్వుల రేడియో, బండితో పాటే వచ్చింది. దాని ముఖ్యమైన వాల్వు నల్లబడిపోయి ఉంది.

"పెద్దాయనా, మీ రేడియో చచ్చిపోయింది. తెలుసా?"

ఆయన గోడకే చెప్పాడు.

"జనవరిలో పోయింది."

"మరి పలక మీద అంతా పనిచేస్తుందని ఉందే?"

"అందుకే ఇటు తిరిగి కూర్చున్నా."

"తనిఖీ ఎప్పుడు?"

"ఇంకా నాలుగు వారాలుంది. శనివారం."

"పిల్ల ఊరేగింపు?"

"ఆ మర్నాడే, ఆదివారం."

అలాంటి వాల్వు ఈ దీవిలో ఎక్కడా లేదు. ఉంటే నాకు తెలిసేది. కాబట్టి నేను పెట్టబోయే దొంగ రేడియో శనివారం చచ్చిన రేడియో బతికున్నప్పటిలా పాడాలి, ఆదివారం దయామి ఫోనులా అరవాలి. నాకు ఇలాంటి పనంటే ఇష్టం. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

ఆంప్లిఫయర్‌ని వెనక సీటు కింద స్ప్రింగుల మధ్య గుడ్డ చుట్టి కూర్చోబెట్టాను. తలుపుల లోపల అద్దం దిగే చోటు పక్కన అరచేయంత ఖాళీ ఉంటుంది, స్పీకర్లు అక్కడ పెట్టి పాత రెక్సిన్ మళ్ళీ పాత మేకులతోనే కొట్టాను. రేడియో డబ్బాలోంచి వాల్వులు తీసి, దూది చుట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచాను. వాటి చోట బిస్కెట్టంత బ్లూటూత్ బోర్డు పెట్టాను. దయామి ఫోను దగ్గరుంటే ఆమె పాటలు వస్తాయి. ఫోను లేకపోతే లోపలున్న మెమరీ కార్డు మోగుతుంది. బయట కనిపించేది మాత్రం అవే రెండు దంతపు రంగు గుండీలు, అదే ముల్లు.

ఆ మెమరీ కార్డులో ఏముండాలనేది అసలు సంగతి. తనిఖీలో రేడియో పెట్టగానే మా ఊరి స్టేషన్ రావాలి. అందుకని ఒక ఉదయం మా ఇంటి రేడియో ముందు మైకు పెట్టి, రేడియో ఎన్సెనాదా వాళ్ళ దాన్సోన్ అనే పాతకాలపు డాన్సు పాటల కార్యక్రమం గంటసేపు రికార్డు చేశాను. గరగరలు కూడా పడ్డాయి. అనౌన్సరు టైము చెప్పేస్తే కొంప మునుగుతుందని మొదటి రెండు మూడు నిమిషాలు చెవి రిక్కించి విన్నాను. అతను టైము చెప్పలేదు. అంతలో వీధిలోంచి పిలుపు వస్తే సంచీ తీసుకుని బయటికెళ్ళాను. రికార్డు దానంతటదే సాగింది.

అయిదో రోజు అంతా బిగించి గుండీ తిప్పాను. తిప్పీ తిప్పగానే పాట ఖంగుమంది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఎలీహియో వైపు చూసి నవ్వాను కూడా. ఆయన ఇటు తిరగకుండానే తల అడ్డంగా ఊపాడు.

"చూడలేదు, కానీ విన్నాను. వెంటనే పాడకూడదమ్మాయ్. వాల్వులు వేడెక్కాలి. ముప్పై అంకెలు పడుతుంది. రిగో లెక్కపెడతాడు."

ఆయన చెప్పింది నిజమే. మర్నాడంతా కూర్చుని ముప్పై సెకన్ల ఆలస్యం తయారుచేశాను. ముందు నిశ్శబ్దం, తర్వాత తేనెటీగ హోరు లాంటిది, ఆ తర్వాతే పాట. లోకమంతా తొందరకోసం తంటాలు పడుతుంటే, నేను ఆలస్యం కోసం ఒక రోజు ఖర్చు పెట్టాను. బాగా కుదిరింది.

తనిఖీ శనివారం పొద్దున ఏడింటికే ఊరంతా కరెంటు పోయింది. అదేం వార్త కాదు. పది గంటలకు పార్కు చుట్టూ పదకొండు కార్లు బారు తీరాయి. ఎండలో అందరూ టోపీలతో విసురుకుంటూ, ఒకరి బండి లోపాలు ఒకరు మెచ్చుకుంటూ తిరుగుతున్నారు. మిగిలిన బండ్లన్నీ ఎలీహియో తనిఖీ చేస్తాడు. అధ్యక్షుడి బండిని కార్యదర్శి చూడాలి. రిగో ఈ రోజు కోసమే ఏడాదంతా బతుకుతాడు.

"అధ్యక్షుల వారూ, కాస్త పక్కకు జరుగుతారా, మీ నీడ బండి మీద పడుతోంది. నీడ అసలుదేనా?"

"పని చూడరా రిగో."

రిగో అయస్కాంతం తీసి ఒళ్ళంతా ఆనించి చూశాడు. అద్దం పట్టుకుని కిందికి దూరాడు. తలుపు మీద వేలితో కొట్టి చెవి పెట్టాడు. సరిగ్గా నేను స్పీకరు పెట్టిన తలుపే. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అతను రెండోసారి కొట్టి, నిట్టూర్చి, కాగితం మీద టిక్కు పెట్టాడు. ఆఖరికి సీట్లో కూర్చుని రేడియో గుండీ తిప్పాడు. ఎడమ చెయ్యి పైకెత్తి వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు.

ఇరవై దగ్గర హోరు మొదలైంది. ముప్పై దగ్గర వేణువు, దాని వెనక వయొలిన్లు, గరగరతో సహా వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కరెంటు లేని ఊళ్ళో రేడియో పాడుతుంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. కారుకు బ్యాటరీ ఉంటుంది కదా అనుకున్నారు. నేనూ అంతే అనుకున్నాను, ఇక నన్ను ఏమనాలి?

"ఈసారి కూడా నువ్వే," అన్నాడు రిగో. "ఇరవై మూడో ఏడు. నాకు ఏడుపొస్తోంది కానీ పాట బాగుంది, ఉండనీ, రాసుకుంటా."

అతను రాస్తున్నాడు. ఒకామె పాటకు అడుగులు కూడా వేస్తోంది. ఎలీహియో పలక మీద వేలిముద్ర ఏదో కనిపించి రుమాలుతో తుడుస్తున్నాడు. అప్పుడు పాట మధ్యలో ఆగి, అనౌన్సరు గొంతు సవరించుకున్నాడు.

"శ్రోతలకు గమనిక. రెయినా పేట, పార్కు పరిసరాల వారికి రేషన్ గుడ్లు వచ్చాయి. లా కోన్ఫియాన్సా దుకాణంలో మనిషికి అయిదు చొప్పున ఇస్తున్నారు. పుస్తకం తప్పనిసరి."

రికార్డు చేసిన రోజు నన్ను వీధిలోకి పిలిచిన పిలుపు ఇదే. నేను సంచీ తీసుకుని వెళ్ళింది ఆ గుడ్ల కోసమే. అవి తెచ్చుకుని, వేయించుకుని, తినేసి మూడు వారాలైంది. నేను వరుసలో నిలబడి ఉండగా నా వెనక మైకు ఆ వార్తను శ్రద్ధగా రాసుకుంది.

పార్కులో ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత ఎవరూ మిగల్లేదు. డాన్సు చేస్తున్నామె చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. రిగో కాగితాలు సీటు మీద పడేసి, తలుపు కూడా వెయ్యకుండా పోయాడు. ఎలీహియో మాత్రం తలుపు మెల్లగా మూసి, నా వైపు తిరిగాడు. కార్డు సంగతి ఆయనకు తెలియదు. తెలియకూడదని తనే అన్నాడు.

"పుస్తకం తెచ్చుకున్నావా అమ్మాయ్? లేకపోతే నేను నీకు వరుస పట్టి ఉంచుతా, వెళ్ళి తెచ్చుకో."

కార్డు సంగతి ఎలా చెప్పాలా అనుకునేలోపే ఆయన టోపీ పెట్టుకుని దుకాణం వైపు నడిచాడు.

నేను వెళ్ళేసరికి లా కోన్ఫియాన్సా ముందు నలభై మంది ఉన్నారు. ఎవరొచ్చినా "ఆఖరివాళ్ళెవరు?" అని అడిగి, చెయ్యెత్తినవాళ్ళ వెనక నిలబడుతున్నారు. రిగో ముందు, అతని వెనకే ఎలీహియో. దుకాణంలో ఖాళీ అరల ముందు స్టూలు మీద కూర్చున్న దుకాణం మనిషి కరిదాద్ అందరినీ వింతగా చూస్తోంది.

"ఏమిటర్రా, పెళ్ళా?"

"గుడ్లు తియ్యవే."

"ఏ గుడ్లు?"

"రేడియోలో చెప్పారు!"

"ఏ రేడియోలో?" అంది కరిదాద్. "మా చెల్లెలు ఆ స్టేషన్‌లోనే ఊడుస్తుంది. కరెంటు లేదు, జెనరేటర్‌కు డీజిలు లేదు. పొద్దున ఏడింటి నుంచి స్టేషన్ మూసుకుని, అనౌన్సరుతో సహా మా ఇంటి వసారాలో డామినోలు ఆడుతున్నారు."

వరుస అంతా ఆలోచనలో పడింది. కానీ ఒక్కరు కూడా వరుస వదల్లేదు, ఏమో, లారీ వస్తుందేమో. రిగో మాత్రం మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఊళ్ళో రేడియోలన్నీ మూగవైతే, అధ్యక్షుల వారి రేడియోకి గుడ్ల కబురు ఎవరు చెప్పారు?"

నేను ముందుకొచ్చాను. "రిగో, అది నా..."

"నువ్వు వరుసలో లేవు నెరెయిడా," అన్నాడు ఎలీహియో. "వరుసలో లేనివాళ్ళు మాట్లాడకూడదు."

ఆయన ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఇరవై రెండేళ్ళ పాటు ఎదుటివాడి బండిలో రష్యన్ మరమేకు కనబడితే సున్నా వేసిన మనిషి, నలభై మంది ముందు, పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్ రిగో," అన్నాడు. "నా బండిలో కొత్త సామాను ఉంది. ఎక్కడుందో నాకు తెలియదు. ఉందని తెలుసు."

రిగో గెలిచాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన గడియ అది. కానీ గెలిచినవాడి ముఖంలా లేదు అతనిది. ఎలీహియో భుజం మీద చెయ్యేసి, వరుసలో తమ చోటు చూస్తుండమని వెనకున్నామెకు చెప్పి, పక్కకు తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను, ఇక్కడ ఏ వరుసా లేదు కదా.

"విను. తనిఖీ కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు. ఈ రాత్రికల్లా నెరెయిడా ఆ సామాను పీకేస్తుంది. రేడియో చెడింది, సోమవారం మళ్ళీ చూస్తాను అని రాస్తా. ఏడాదికొక్కసారి రేడియో చెడితే తప్పేం లేదు. పలక నీ దగ్గరే ఉంటుంది."

"మరి పిల్ల?"

"పిల్లని నా బండిలో తిప్పుదాం. నువ్వు నా పక్కన కూర్చో. హారను నువ్వే కొట్టు, ఎంతసేపైనా కొట్టుకో."

అది మంచి మాటే. నేనైతే ఒప్పుకునేదాన్ని. ఎలీహియో టోపీ తీసి, దాని లోపలికి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. మా ఇద్దరినీ వెంటేసుకుని పార్కుకు తిరిగొచ్చాడు. బండెక్కి జేబులోంచి నాణెం తీసి, పలక మరలు విప్పడం మొదలుపెట్టాడు. మొదటిది తేలిగ్గా వచ్చింది. రెండోది తుప్పు పట్టి మొండికేసింది. అది విప్పుతూ రిగోతో చెప్పాడు.

"ఆరో రూలు. సోమవారం దాకా ఆగమని అందులో లేదు."

"ఒరేయ్ మొండివాడా, పిల్ల ఒక్కరోజు నా బండెక్కితే నీ సొమ్మేం పోయింది?"

"దాన్ని పుట్టిన మూడో రోజు ఆసుపత్రి నుంచి ఈ బండిలోనే తెచ్చాను. దాని అమ్మమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఆ సీట్లో. నేను నీ పక్కన కూర్చుని హారను కొట్టాలా?"

పలక ఊడొచ్చింది. దాని చోట డ్యాష్‌బోర్డు మీద ఎండ తగలని ఆకుపచ్చ, రెండు రంధ్రాలు మిగిలాయి. ఎలీహియో ఆ రంధ్రాలనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అరచేతిలోని మరలను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఇవి రష్యావి."

"మా అమ్మ వాషింగ్ మెషీన్‌వి," అన్నాను. "పలక ఇచ్చిన రోజున మర దొరక్క మా ఇంటికొచ్చారు. నేనే ఇచ్చాను."

"అంటే ఇరవై రెండేళ్ళుగా ఈ బండిలో..."

"ఈ రెండు మరలే. రంధ్రాలు కూడా మీరే పొడిచారు."

"చెప్పలేదేం?"

"మీరు అడగలేదు. పైగా అప్పుడు కూడా మీరు అధ్యక్షులే."

రిగో గట్టిగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపుకుని, పలకను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వరుసలో తన చోటు గుర్తొచ్చి లా కోన్ఫియాన్సా వైపు వెళ్ళిపోయాడు. ఆ వరుస సాయంత్రం దాకా ఉంది. గుడ్లు రాలేదు.

నేను మెమరీ కార్డు పీకేశాను. ఆలస్యం కూడా తీసేస్తాననీ, ఇక దాచాల్సిన పని లేదనీ, గుండీ తిప్పగానే పాట వస్తుందనీ చెప్పాను. ఎలీహియో ఈసారి గోడ వైపు తిరగలేదు. నేను చూపించిన ప్రతి తీగనూ వంగి వంగి చూశాడు.

"బాగా చేశావు," అన్నాడు. "ఆలస్యం మాత్రం ఉండనీ."

ఆదివారం దయామి నీలం గౌనులో మెట్లు దిగింది. గౌను వెనక ఎత్తుమీద సర్దడానికే ఇద్దరు కావాల్సి వచ్చింది. నేను సామాను మొరాయిస్తే చూసుకోవడానికి ముందు సీట్లో కూర్చున్నాను. శనివారం సంగతి పిల్లకు ఊరంతా కలిసి చెప్పేసింది. ఎక్కేముందు ఆమె డ్యాష్‌బోర్డు మీది రెండు రంధ్రాలనూ వేలితో తడిమింది. ఏదో అనబోతే ఎలీహియో అడ్డుపడ్డాడు.

"గౌను నలుగుతుంది, ఎక్కు."

ఆమె ఎక్కి ఫోనులో పాట నొక్కింది. బండిలోంచి ఏమీ రాలేదు.

"తాతా, పాడైపోయిందా?"

"వాల్వులు వేడెక్కాలి."

బండిలో వాల్వులు లేవని ముగ్గురికీ తెలుసు. నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను. ముప్పై దగ్గర దయామి పాట ఒక్కసారిగా విరుచుకుపడింది. నా సీటు వణికింది. ఎలీహియో చెవుల్లో దూది పెట్టుకుని ఉన్నాడు, అది నేను వాల్వులకు చుట్టిన దూదే.

ప్రాదో వీధిలో అరుగుల మీది వాళ్ళు మమ్మల్ని వదల్లేదు.

"ఎలీహియో, గుడ్లొచ్చాయా?"

"మనిషికి అయిదేనా, పదా?"

"పుస్తకం తెమ్మంటావా?"

ఆయన ప్రతి ఒక్కరికీ టోపీ ఎత్తి మర్యాదగా జవాబిచ్చాడు. "వస్తాయి. వస్తాయి." రిగో గులాబీ బండి మా వెనకే వస్తోంది. దాని డిక్కీ మూసి ఉంది, స్పీకర్లు ఆపేసి ఉన్నాయి. అతను హారను మాత్రం కొడుతున్నాడు.

పెట్రోలు పొదుపు చెయ్యడం ఎలీహియోకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఫొటో కోసం ఆగిన ప్రతిచోటా ఇంజను ఆపేస్తాడు. ఇంజనుతో పాటే పాటా పోతుంది, మళ్ళీ తాళం తిప్పితే మళ్ళీ ముప్పై. మొదటి రెండుసార్లు దయామి నాలుక చప్పరించింది. మూడోసారి సముద్రం గోడ దగ్గర ఆగి బయల్దేరేటప్పుడు, ఆమె ఎడమ చెయ్యి పైకెత్తి వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. గోడ మీద కూర్చున్నవాళ్ళు చూసి అందుకున్నారు. పది, పదకొండు అని రోడ్డుకు అటూ ఇటూ అందరూ లెక్కపెడుతున్నారు. వెనక బండిలోంచి రిగో కూడా.

ఇరవైకి హోరు మొదలైంది. ఎలీహియో చెవుల్లో దూది తీసి జేబులో వేసుకున్నాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అంటున్నప్పుడు అందరిలోకీ ఆయన గొంతే పెద్దగా వినిపించింది.